ఎవరి చేతిలో తుపాకీ?

నా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ ఒకడు డాలస్ దగ్గర ఉంటాడు. రెండేళ్ళ క్రితం వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, పిల్లలు పడుకున్నాక, బెడ్‌రూమ్ అల్మారాలో ఉన్న ఒక చిన్న ఇనప్పెట్టె తెరిచి చూపించాడు. లోపల పిస్టల్. హాస్టల్లో బల్లిని తోలడానికి కూడా పక్క రూమువాళ్ళని పిలిచిన మనిషి వీడు.

"ఇదేంట్రా?" అన్నాను.

"2017 గుర్తుందా?" అన్నాడు.

ఎందుకు గుర్తుండదు! ఆ ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలాతేలో, ఒక బార్‌లో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజినీర్ల మీద ఒకడు మా దేశంలోంచి పొమ్మని అరుస్తూ కాల్పులు జరిపాడు. ఒకరు చనిపోయారు. ఇంకొకరూ, ఆపబోయిన ఒక అమెరికనూ గాయపడ్డారు. ఆ వారమంతా ఇక్కడ హైదరాబాద్‌లో మా ఆఫీసులో వేరే మాటే లేదు. "ఇక వచ్చేయండి" అని అమ్మానాన్నలు ఫోన్లు చేసిన వారం అది.

"అప్పుడు నాది హెచ్1బీ. కొనుక్కుందామన్నా చట్టం ఒప్పుకోదు" అన్నాడు వాడు. నిజమే. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొన్ని మినహాయింపులున్నాయి, వేట లైసెన్సు ఉండటం అందులో ఒకటి. "నేనేం వేటాడాలి, పార్కింగ్‌నా?" అని నవ్వి, "గ్రీన్ కార్డ్ వచ్చింది, కొన్నాను. రాత్రి రెండింటికి ఎవడైనా తలుపు బాదితే 911కే ఫోన్ చేస్తా. కాకపోతే వాళ్ళొచ్చేదాకా ఏం చెయ్యాలన్నది కూడా ఆలోచించుకోవాలి కదా" అన్నాడు.

నేను వాదించాను. తుపాకీ హక్కు అనేది అక్కడి తెల్ల కన్సర్వేటివ్‌ల గొడవ, ఎర్రటోపీల వ్యవహారం, నీలాంటివాడికి అందులో ఏం పనన్నాను. వాడు పెద్దగా జవాబివ్వలేదు. తిరిగొచ్చాక, ఆ వాదన ఎలాగైనా గెలవాలని చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ నేనన్న మాటలో సగం తప్పని తేలింది.

అన్నిటికన్నా ముందు ఆశ్చర్యపోయింది శాక్రమెంటో దగ్గర.

1967 మే 2, మంగళవారం. కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటోలో, శాసనసభ భవనం ముందు పచ్చికలో గవర్నర్ రోనాల్డ్ రీగన్ ఒక స్కూలు పిల్లల బృందాన్ని కలవబోతున్నాడు. సరిగ్గా అప్పుడే కార్లలోంచి ముప్పై మంది నల్లజాతి యువతీ యువకులు దిగారు. చాలామంది చేతుల్లో రైఫిళ్ళు, షాట్‌గన్‌లు, నడుముకి పిస్టళ్ళు. మెట్లెక్కి నేరుగా లోపలికి నడిచారు. వాళ్ళు బ్లాక్ పాంథర్లు. బాబీ సీల్ విలేకరుల ముందు ఒక ప్రకటన చదివాడు. ఎవరి మీదా ఒక్క తూటా పేలలేదు.

అప్పటి కాలిఫోర్నియా చట్టం ప్రకారం తూటాలు నింపిన తుపాకీని బయటికి కనిపించేలా పట్టుకుని తిరగడం నేరం కాదు. అంతకుముందు అక్టోబరులో ఓక్‌లాండ్‌లో పార్టీ పెట్టిన హ్యూయీ న్యూటన్ లా పుస్తకాలు చదువుకున్నవాడు, ఆ సంగతి పేజీతో సహా తెలిసినవాడు. బర్క్‌లీ విద్యార్థులకి మావో సూక్తుల ఎర్ర పుస్తకాన్ని అమ్మి, ఆ డబ్బుల్తో మొదటి షాట్‌గన్‌లు కొన్నారట. తర్వాత పోలీసు కార్ల వెనకాలే తిరగడం మొదలుపెట్టారు. పోలీసులు ఒక నల్లవాడిని ఆపితే, వీళ్ళు చట్టం చెప్పినంత దూరంలో తుపాకులతో నిలబడి చూసేవాళ్ళు. ఆగినవాడికి అతని హక్కులేంటో గట్టిగా చదివి వినిపించేవాళ్ళు.

దీన్ని ఆపడానికి డాన్ మల్ఫర్డ్ అనే రిపబ్లికన్ సభ్యుడు బిల్లు తెచ్చాడు. జనంలోకి తూటాలు నింపిన తుపాకీతో రాకూడదన్నది దాని సారాంశం. పాంథర్లు శాక్రమెంటో వెళ్ళింది ఆ బిల్లుని వ్యతిరేకించడానికే. ఒక పౌరుడు వీధిలో నిండు తుపాకీతో తిరగాల్సిన అవసరమేమీ తనకి కనిపించడం లేదని రీగన్ ఆ రోజే అన్నాడు. జూలై చివర్లో బిల్లు మీద సంతకం పెట్టాడు. తుపాకీ యజమానుల సంఘం, అంటే నేషనల్ రైఫిల్ అసోసియేషన్, ఆ బిల్లుకి మద్దతిచ్చింది.

ఇక్కడ పాత్రలు చూడండి. రాజ్యాంగంలోని రెండవ సవరణని పట్టుకుని నిలబడింది మావో పుస్తకం అమ్మిన పిల్లలు. తుపాకీ నియంత్రణ కావాలన్నది రీగన్, రైఫిల్ అసోసియేషన్. ఈ రోజు టీవీ చర్చలో ఎవరు ఏ కుర్చీలో కూర్చుంటారో, అప్పుడు సరిగ్గా తలకిందులు.

ఇదేదో ఒక్కసారి జరిగిన వింత అనుకున్నాను. కాదు. వెనక్కి వెళ్తే అసలు కథే అది.

1857లో డ్రెడ్ స్కాట్ కేసులో, నల్లవాళ్ళు ఈ దేశ పౌరులు కాలేరని అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ప్రధాన న్యాయమూర్తి టానీ అందుకు చెప్పిన కారణాలు చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. వాళ్ళని పౌరులంటే ఏమవుతుందో ఆయన ఒక జాబితాలాగా రాశాడు: స్వేచ్ఛగా మాట్లాడతారు, సభలు పెట్టుకుంటారు, ఎక్కడికి వెళ్ళినా ఆయుధాలు ఉంచుకుంటారు, వెంట తీసుకెళ్తారు. అంటే ఆయుధం పౌరుడి వ్యక్తిగత హక్కని ఆయన ఒప్పుకుంటున్నట్టే. ఒప్పుకున్నాడు కాబట్టే వీళ్ళని పౌరులుగా ఒప్పుకోలేనన్నాడు.

అంతర్యుద్ధం అయ్యి బానిసత్వం పోయాక, 1865లోనే మిసిసిపీ లాంటి రాష్ట్రాలు కొత్త చట్టాలు చేశాయి. విడుదలైన నల్లవాడు లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోకూడదు. లైసెన్సు ఇచ్చేది ఎవరో చెప్పక్కర్లేదు. 1868లో పద్నాలుగో సవరణ వచ్చి, ఇకనుంచి అందరూ పౌరులేనంది. సరే, మరి వాళ్ళని కాపాడేదెవరు?

లూసియానాలో కోల్‌ఫాక్స్ అనే ఊళ్ళో 1873 ఈస్టర్ ఆదివారం నాడు ఆ ప్రశ్నకి జవాబు దొరికింది. ఎన్నికల తగాదాలో నల్లజాతి వాళ్ళు అక్కడి కోర్టు భవనాన్ని పట్టుకుని కూర్చున్నారు. తెల్లవాళ్ళ సాయుధ గుంపు వచ్చి దాడి చేసి, భవనానికి నిప్పు పెట్టి, లొంగిపోయినవాళ్ళని కూడా చంపింది. ఎంతమంది పోయారో ఇప్పటికీ కచ్చితమైన లెక్క లేదు. అరవై నుంచి నూటయాభై దాకా చెప్తారు. చివరికి ముగ్గురికి శిక్ష పడింది. 1876లో సుప్రీంకోర్టులో అదీ నిలవలేదు. రెండవ సవరణ కేంద్ర ప్రభుత్వాన్ని మాత్రమే కట్టడి చేస్తుంది, మీ ఆయుధాలని ఇంకో మనిషి లాక్కుంటే మీ రాష్ట్రాన్నే అడగండి అన్నది క్రూక్‌షాంక్ తీర్పు సారాంశం. ఆ రాష్ట్రం ఎవరి చేతుల్లోకి పోయిందో ఊహించుకోవచ్చు.

కాబట్టి 1892లో ఐడా బి. వెల్స్ అనే నల్లజాతి విలేకరి, మెంఫిస్‌లో తన స్నేహితులని గుంపు చంపేశాక, ప్రతి నల్లవాడి ఇంట్లో వించెస్టర్ రైఫిల్‌కి గౌరవస్థానం ఉండాలని రాసిందంటే, అది తుపాకీ మోజుతో రాసిన మాట కాదు. చట్టం ఇవ్వని రక్షణ అదైనా ఇస్తుందని రాసింది.

పౌరహక్కుల ఉద్యమం అనగానే మనకి మార్టిన్ లూథర్ కింగ్, అహింస, గాంధీ గుర్తొస్తారు. నాకూ అంతే. కానీ 1956 జనవరిలో మాంట్‌గొమరీలో కింగ్ ఇంటి మీద బాంబు పడ్డాక, ఆయన తుపాకీ వెంట ఉంచుకునే పర్మిట్‌కి దరఖాస్తు చేశాడు. అధికారులు ఇవ్వలేదు. అప్పట్లో ఆయన ఇంటికి వెళ్ళిన ఒక అతిథి కుర్చీలో కూర్చోబోతుంటే, అందులో తుపాకీ ఉంది చూసుకోమని పక్కనున్న వాళ్ళు హెచ్చరించాల్సొచ్చింది. తర్వాత కింగ్ తుపాకులు పూర్తిగా వదిలేశాడు. అది ఆయన ఆలోచించి, భయాన్ని దాటి చేసిన నిర్ణయం. పర్మిట్ ఇవ్వని అధికారులు చేసింది వేరే పని. ఈ రెంటికీ తేడా ఉంది. నా దృష్టిలో ఈ వ్యాసానికి ప్రాణం ఆ తేడానే.

అదే కాలంలో నార్త్ కరొలైనాలోని మన్రోలో రాబర్ట్ విలియమ్స్ అనే మాజీ మెరీన్ ఉండేవాడు. పౌరహక్కుల సంఘం స్థానిక అధ్యక్షుడు. తన మనుషులతో ఒక రైఫిల్ క్లబ్బు పెట్టి, సాక్షాత్తూ నేషనల్ రైఫిల్ అసోసియేషన్ దగ్గరే గుర్తింపు తెచ్చుకున్నాడు. 1957 అక్టోబరులో క్లాన్ ముఠా కార్లలో వచ్చి, వాళ్ళ సంఘంలోని ఒక డాక్టర్ ఇంటి మీద కాల్పులు మొదలుపెడితే, ఇసక బస్తాల వెనకనుంచి వీళ్ళు తిరిగి కాల్చారు. కార్లు వెనక్కి తిరిగాయి. ఆ తర్వాతే ఊరి కౌన్సిల్‌కి క్లాన్ ఊరేగింపులు నిషేధించాలన్న బుద్ధి పుట్టింది. రెండేళ్ళ తర్వాత విలియమ్స్‌ని ఆయన సంఘమే సస్పెండ్ చేసింది. ఆయనకి పత్రికలో జవాబు రాస్తూ కింగ్, హింసని సాధనంగా చేసుకోవడాన్ని గట్టిగా కాదన్నాడు గానీ, ఆత్మరక్షణని మాత్రం గాంధీ కూడా ఖండించలేదని ఒప్పుకున్నాడు. 1964లో లూసియానా జోన్స్‌బరోలో మొదలైన 'డీకన్స్ ఫర్ డిఫెన్స్' అనే బృందం అహింసా కార్యకర్తలకే రాత్రిపూట తుపాకులతో కాపలా కాసింది. పగలు సత్యాగ్రహం, రాత్రి షాట్‌గన్. పుస్తకాల్లో మొదటి సగమే ఎక్కువ కనిపిస్తుంది.

మరి ఇప్పుడున్న లెక్క ఎప్పుడు తయారైంది? 1871లో పుట్టిన రైఫిల్ అసోసియేషన్ మొదట్లో గురి నేర్పే సంఘం. 1934లో దాని అధ్యక్షుడు కార్ల్ ఫ్రెడరిక్, జనం ఇష్టమొచ్చినట్టు తుపాకులతో తిరగడం మీద తనకి నమ్మకం లేదని, దాన్ని లైసెన్సులతో గట్టిగా కట్టడి చెయ్యాలని చట్టసభ కమిటీ ముందు చెప్పాడు. 1968లో కింగ్, రాబర్ట్ కెనెడీ హత్యలయ్యాక జాన్సన్ ప్రభుత్వం పెద్ద నియంత్రణ చట్టం తెచ్చింది. దానిమీద సభ్యుల్లో కోపం పెరిగి పెరిగి, 1977లో సిన్సినాటీ మహాసభలో హార్లన్ కార్టర్ వర్గం సంఘాన్ని స్వాధీనం చేసుకుంది. 1980లో ఆ సంఘం తన చరిత్రలో మొదటిసారి ఒక అధ్యక్ష అభ్యర్థిని బలపరిచింది. ఆ అభ్యర్థి ఎవరో కాదు, మల్ఫర్డ్ చట్టం మీద సంతకం పెట్టిన రీగనే! మరుసటేడు ఆయన మీదే కాల్పులు జరిగాయి. పదేళ్ళ తర్వాత, పదవి దిగిపోయాక, కొనేముందు తనిఖీ ఉండాలన్న బ్రేడీ బిల్లుని సమర్థిస్తూ ఆయన వ్యాసం రాశాడు. ఒక్క మనిషి జీవితంలోనే ముల్లు ఇన్నిసార్లు తిరిగింది.

2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు, 5-4 తేడాతో, ఇంట్లో ఆత్మరక్షణకి తుపాకీ ఉంచుకోవడం వ్యక్తి హక్కని తేల్చింది. అది వాషింగ్టన్ నగరానికి సంబంధించిన కేసు. రాష్ట్రాలకి, మిగతా నగరాలకి కూడా అది వర్తిస్తుందని తేల్చిన 2010 కేసు ఎవరిదో చూస్తే మళ్ళీ ఆశ్చర్యం. ఓటిస్ మెక్‌డొనాల్డ్, డెబ్బయ్యారేళ్ళ నల్లజాతి వృద్ధుడు. లూసియానాలో కౌలు రైతుల కుటుంబంలో పుట్టి షికాగో వచ్చినవాడు. ఇంట్లో దొంగలు పడితే, పిస్టల్ కొనుక్కోవడానికి నగరం ఒప్పుకోకపోతే కోర్టుకెళ్ళాడు. ఆ తీర్పులో జస్టిస్ థామస్ విడిగా రాసిన అభిప్రాయంలో కోల్‌ఫాక్స్ ఊచకోత ప్రస్తావన ఉంది. నూట ముప్పై ఏడేళ్ళకి అదే రాష్ట్రంలో పుట్టిన మనిషి పేరుతో ఆ లెక్క మళ్ళీ తెరుచుకుంది.

ఇంకా దగ్గరికొస్తే, న్యూయార్క్ పర్మిట్ పద్ధతిని 2022లో సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసులో కొట్టేసింది. లిబరల్స్ గగ్గోలు పెట్టారు. కానీ ఆ కేసులో పర్మిట్ చట్టానికి వ్యతిరేకంగా వాదన దాఖలు చేసినవాళ్ళలో బ్రాంక్స్ డిఫెండర్స్ లాంటి, పేదల తరఫున వాదించే లాయర్ల సంస్థలున్నాయి. వాళ్ళు చెప్పిందేంటంటే, లైసెన్సు లేని తుపాకీ కేసుల్లో జైలుకెళ్ళేది దాదాపు అందరూ మా క్లయింట్లే, నల్లవాళ్ళూ లాటినోలే అని. డబ్బున్న పేటలో తుపాకీ హక్కు, పేదపేటలో అదే తుపాకీ నేరం.

అలాగని కన్సర్వేటివ్‌లు ఈ పరీక్షలో నెగ్గారని కాదు. 2016 జూలైలో మిన్నెసోటాలో ఒక నల్లజాతి స్కూలు ఉద్యోగి కారుని పోలీసు ఆపాడు. తన దగ్గర తుపాకీ ఉందని ఆయనే ముందుగా చెప్పాడు. చట్టబద్ధమైన పర్మిట్ కూడా ఉంది. అయినా క్షణాల్లో కాల్చేశాడు. ఆ పోలీసు నిర్దోషిగా బయటపడ్డాడు. ప్రతి చిన్న నిబంధనకీ విరుచుకుపడే రైఫిల్ అసోసియేషన్ నుంచి మొదట వచ్చింది, పేరైనా ఎత్తని ఒక మొక్కుబడి ప్రకటన. తుపాకీ హక్కు అందరిదీ అయితే, ఆ మనిషి వాళ్ళ పోస్టర్ మీద ఉండాల్సినవాడు.

ఇదంతా అమెరికా గొడవ, మనకేంటి అంటారేమో. మన దగ్గర ఇదే ముల్లు ఇంకా తొందరగా తిరిగింది.

1878లో లిటన్ వైస్రాయిగా ఉన్నప్పుడు వచ్చిన ఆయుధాల చట్టం ప్రకారం భారతీయుడికి తుపాకీ కావాలంటే లైసెన్సుండాలి. యూరోపియన్లకి మినహాయింపు. దీన్ని జాతీయవాదులు అవమానంగా తీసుకున్నారు. గాంధీ అంతటివాడు, ఒక జాతి మొత్తాన్ని నిరాయుధం చేసిన ఈ చట్టాన్ని బ్రిటిష్‌వాళ్ళ అతి పెద్ద దుర్మార్గాల్లో ఒకటిగా లెక్కేశాడు. మన్యంలో అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరసగా దాడి చేసింది తుపాకుల కోసమే. 1931 కరాచీ కాంగ్రెస్ ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకి లోబడి ప్రతి పౌరుడికీ ఆయుధం ఉంచుకునే హక్కుంటుందని స్పష్టంగా ఉంది.

1948 డిసెంబరు వచ్చేసరికి కాంగ్రెస్ ప్రభుత్వంలో ఉంది. గాంధీని పిస్టల్‌తో చంపి ఏడాది కూడా కాలేదు. విభజన నెత్తురు ఆరలేదు. తెలంగాణ పల్లెల్లో నిజాం మీద, రజాకార్ల మీద ఎత్తిన తుపాకులు సైనిక చర్య తర్వాత కొత్త ప్రభుత్వం మీదకి తిరిగున్నాయి. అలాంటప్పుడు రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ లేచి, పౌరుడికి ఆయుధం ఉంచుకునే హక్కుని ప్రాథమిక హక్కుల్లో చేర్చమని సవరణ పెట్టాడు. ఇప్పటి పరిస్థితుల్లో పట్టుబట్టాల్సింది ఆయుధం పట్టే హక్కు మీద కాదు, పట్టకుండా ఉండే బాధ్యత మీద అని అంబేద్కర్ జవాబిచ్చారు. సవరణ వీగిపోయింది.

ఆ జవాబు చదివి నేను చాలాసేపు ఆగాను. అంబేద్కర్‌కి రాజ్యం బలహీనుణ్ణి కాపాడుతుందన్న అమాయకత్వం ఏమీ లేదు. ఊళ్ళో ఆయుధ హక్కంటూ వస్తే మొదట ఎవరింట్లో తుపాకీ వేలాడుతుందో కూడా ఆయనకి తెలిసే ఉంటుందని నా ఊహ. కాగితం మీద అందరిదీ అయిన హక్కు, వాస్తవంలో దొర గడీలో ఉంటుంది. మన్రోలో రైఫిల్ క్లబ్బు పెట్టడానికి వీలుపడింది. కారంచేడులోనో చుండూరులోనో వాడ జనానికి అది వీలయ్యేదా? అయినా ఇంకా ఎక్కువ శవాలు లేచేవేమో. నా దగ్గర జవాబు లేదు.

అటువైపు లెక్కా చెప్పాలి. 2021లో అమెరికాలో తుపాకీ వల్ల చనిపోయినవాళ్ళు 48 వేలకు పైనే. అందులో సగానికి మించి ఆత్మహత్యలు. అంటే ఇంట్లో ఉన్న తుపాకీ, తలుపు బాదినవాడి కంటే ఇంట్లోవాళ్ళ మీదకే ఎక్కువ తిరుగుతోంది. ఏ స్వేచ్ఛ గురించిన వాదనైనా ఈ అంకె ముందు కాసేపు నోరు మూసుకోవాలి. తనిఖీలుండాలి, తాళాలుండాలి అన్న నా అభిప్రాయం ఈ చదువంతా అయ్యాక కూడా మారలేదు.

మారింది ఇంకొకటి. ఇప్పుడు ఎవరైనా తుపాకీ హక్కనో, తుపాకీ నియంత్రణ అనో అంటే, ఏ పార్టీ అని అడగాలనిపించదు. మీకు నచ్చనివాడి చేతిలో, మీరు భయపడేవాడి చేతిలో ఉన్నప్పుడు కూడా ఇదే అంటారా అని అడగాలనిపిస్తుంది. నియంత్రణ అంటే, లైసెన్సు కాగితం మీద సంతకం పెట్టేది ఎవరని అడగాలనిపిస్తుంది. మాంట్‌గొమరీలో కింగ్‌కి పర్మిట్ ఇవ్వనివాళ్ళు కూడా శాంతిభద్రతల కోసమే అని ఉంటారు.

పోయిన నెల మా వాడితో ఫోన్లో మాట్లాడుతూ ఇదంతా చెప్పాను. విన్నాడు. "పెద్దోడికి తొమ్మిదేళ్ళొచ్చాయి రా, పెట్టె కోడ్ మార్చాను" అన్నాడు. కాసేపాగి, "అమ్మేద్దామా అని కూడా ఉంది" అన్నాడు. ఏం చెయ్యాలో చెప్పమని వాడు అడగలేదు. నేనూ చెప్పలేదు.